ఒకటో తరగతి మీకొచ్చిందా? జూన్‌ల ఏం చెయ్యాలె, ఏది తర్వాతకు ఆపాలె

కొత్తగ ఎస్‌జీటీ (ప్రైమరీ బడి టీచర్) పోస్టింగ్ వచ్చినోళ్ళు గాని, ఇన్నేండ్లు నాలుగు ఐదు తరగతులు చెప్పి ఈ ఏడు ఒకటో తరగతి తీసుకున్నోళ్ళు గాని మే నెల ఆఖరుకు ఒక తీరుగ అయితరు. నిద్ర పట్టది. ఫోన్‌ల రీల్స్ చూస్తరు, ఎవరో మేడం పిల్లలతోని డ్యాన్స్ చేపిస్తుంటది, ఎవరో సారు క్లాస్‌రూం గోడకు రైలుపెట్టె పెయింటింగ్ ఏపిచ్చిండు, అవి చూసి మనం కూడ చార్టులు, స్టిక్కర్లు, గ్లిట్టర్ పేపర్లు, బెలూన్లు అన్నీ కొని సంచి నింపుకుంటం. నాకు ఇన్ని ఏండ్ల సర్వీసైనా ప్రతి జూన్‌ల గిట్లనే అయితది, కొత్త పోరలు వస్తుండ్రంటె చీర ఏది కట్టుకోవాల్నో కూడ ముందురోజే తీసి పెట్టుకుంట. ఈ ఉషారు లేనోళ్ళకు ఒకటో తరగతి ఇయ్యనే ఇయ్యొద్దని నా లెక్క.

కాని ఉషారు ఏడ పెట్టాల్నో ఎర్క ఉండాలె. మన పాలమూరుల మృగశిర కార్తెకు ఒక్క వాన పడంగనె పత్తిగింజ పెట్టినోడు మల్ల షాపుకు పోయి గింజల ప్యాకెట్లు కొనుక్కుంటడు, భూమి పదునైందాక ఆగినోనికి మొలక నిలుస్తది. బడి కూడ సరిగ్గ ఆ వారంలనే తెరుస్తరు, మొదటి రోజే అఆలు, ఏబీసీడీలు, ఒంట్లు అన్నీ ఒక్కపారి కుమ్మరించే టీచర్లకు జులై వచ్చెవరకు సగం మంది పిల్లలు బడికి రారు, వచ్చినోళ్ళు నోరు తెరువరు. అందుకని నేను చెప్పేది ఏందంటె మొదటి నెల ఉషారు మొత్తం పిల్లలను ఎర్క చేసుకునుడు మీద పెట్టుండ్రి, పాఠం మీద కాదు. ఎట్ల చెయ్యాల్నో కింద రాసిన, మీ ఊరిని బట్టి మార్చుకోండ్రి.

బడి తెరవకముందే

జూన్ 12న బడులు తెరుస్తరు, ఆ ముందు ఎనక రోజులల్ల బడిబాట నడుస్తది, ఇల్లిల్లు తిరిగి ఐదేండ్లు నిండినోళ్ళను రాసుకోవాలె. చాన మంది దీన్ని ఫార్మాట్ నింపే పని లెక్కనే చేస్తరు, పేరు, తల్లి పేరు, ఆధార్ నంబర్, గుమ్మం ముందల ఒక ఫోటో తీసి గ్రూపుల పెట్టుడు, అయిపాయె. మీకు ఒకటో తరగతే ఉన్నదని తెలిస్తె ఆ ఇంటి అరుగు మీద జరసేపు కూసోండ్రి, చాయ్ ఇస్తె తాగుండ్రి, వద్దనకుండ్రి. పిల్లగాడు రాత్రి ఎవరి దగ్గర పంటడు, అమ్మ దగ్గరనా అవ్వ దగ్గరనా, పొద్దుగాల ఎవరు లేపుతరు, అమ్మ కూలికి ఎన్ని గంటలకు పోతది, కుక్కకు భయపడతడా, ఉరుముకు భయపడతడా, ఎడమ చేత్తోని తింటడా, ఇవన్నీ ముచ్చట్లనే బయటికొస్తయి. ఫారంల కాలమ్ లేని సంగతులే మీకు జూన్ మొత్తం పనికొస్తయి.

అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి ఒక పూట పోయి కూసునుడు కూడ తప్పకుండ చెయ్యాలె. ఆమెకు మూడేండ్ల వయసు నుంచి ఆ పిల్లలు తెలుసు, ఎవరు బరువు తక్కువున్నరు, ఎవరికి మాట ఆలస్యంగ వచ్చింది, ఎవరు ఎవరి జోడు లేకుంటె కదలరు, అన్నీ చెప్తది. మనోళ్ళు కొందరు టీచర్లు అంగన్‌వాడీ అంటె గుడ్లు పాలు పంచే కాడ అనుకుంటరు, అది మనకే నష్టం. వీలైతె ఒకరోజు ఆమెనే పిల్లలను తోల్కొని మీ బడికి రమ్మనుండ్రి, ఎండకాలం సెలవులల్లనే ఒకపారి గేటు, చెట్టు, నల్లా చూసిపోయిన పిల్లకు మొదటి రోజు సగం భయం ఉండది.

ఇగ రూం. ఏప్రిల్ ఆఖరు నుంచి తాళమేసి ఉన్న గది అది, మూలలల్ల తేళ్ళు ఉంటయి, కిటికి రెక్క ఎనక కందిరీగలు గూడు పెడతయి, దర్రీలు ఎండల ఏసి దులపకుండ పిల్లలను కూసోపెట్టొద్దు. స్విచ్ బోర్డు కింద వైర్లు ఏలాడుతున్నయా చూడాలె, ఐదేండ్ల పోరని చెయ్యి ఎంత ఎత్తుకు అందుతదో మీరు మోకాళ్ళ మీద కూసొని చూస్తె తెలుస్తది. చార్టులు కూడ అదే ఎత్తుల అంటించుండ్రి, మన కండ్లకు అందంగ ఉండేటట్టు పైన అంటిస్తె పిల్లలకు ఫ్యానొక్కటే కనబడుతది. సగం గోడ ఖాళీగ ఇడిచిపెట్టుండ్రి, వాళ్ళు గీసిన బొమ్మలు పెట్టెటందుకు. కొన్న స్టిక్కర్లన్నీ ఒకటే రోజు అంటించకుండ్రి, పైసలు మీవే కదా, దసర దాక రానీయుండ్రి.

నీళ్ళ సంగతి ఒక్కటి. నల్లగొండల మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు పోస్టింగ్ వచ్చినోళ్ళు బోరు నీళ్ళు పిల్లలు తాగకుండ చూడాలె, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క ఉంది, ఆ దిక్కు కొన్ని బోర్లల్ల అది మస్తు ఎక్కువ. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చినంక బాధ తగ్గింది, కాని నల్లా రాని రోజు పిల్లలు బోరింగ్ కాడికే ఉరుకుతరు. పిల్లల పండ్ల మీద పసుపుపచ్చటి మరకలు కనబడితె అందరి ముందల పండ్లు తోముతలేవా అని అడుగకుండ్రి, తోమినా పోని మరకలు అవి, తాగిన నీళ్ళతోని వచ్చినవి.

పేరు పిలిస్తె పలకరు

రిజిస్టర్‌ల ఉన్న పేరు పిలిస్తె చాన మంది పలకనే పలకరు. ఆధార్‌ల ఏదో పొడుగు పేరు ఉంటది, ఇంట్ల మాత్రం చిన్నోడు, బుజ్జి, నాని, పండు, చిట్టి. నాలుగుసార్లు పిలిచి ఆబ్సెంట్ ఏసేస్తరు, పోరడేమో మన ముందలనే కూసొని ముక్కు తుడుసుకుంటుంటడు. అందుకే బడిబాటల తిరిగినప్పుడే ముద్దుపేరు పక్కన రాసుకోండ్రి, మొదటి వారం ఆ పేరుతోనే పిలిచి, తర్వాత రెండు పేర్లు కలిపి, మెల్లగ బడి పేరు అలవాటు చెయ్యుండ్రి.

నేను ప్రతి ఏడు చేసేది ఇంకోటుంది, ఇది మాత్రం చేసి చూడుండ్రి. ప్రతి పిల్లకు ఒక బొమ్మ ఇస్త, వాళ్ళనే ఎంచుకోమంట, మేక, ట్రాక్టర్, సూర్యుడు, చేప, గొడుగు, జొన్నకంకి, ఏదో ఒకటి. అట్టముక్క మీద ఆ బొమ్మ గీసి, కింద పేరు పెద్ద అక్షరాలతోని రాసి పిన్నీసుతోని అంగీకి పెడత, పిన్నీసు మంచిగ మూసుకునేది చూసి పెట్టాలె. అదే బొమ్మ వాళ్ళ పలక ఎనక, పళ్ళెం మీద, సంచి మీద, కూసునే జాగల. మొదలు ట్రాక్టర్ కోసం కొట్లాట అయితది, అది తప్పది, మూడు తీర్ల ట్రాక్టర్లు గీయుండ్రి, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది, ఒకదానికి ట్రాలీ. దీనితోని ఏమైతదంటె అక్షరం రాని పిల్ల కూడ తన వస్తువు తాను తెచ్చుకుంటది, పక్కోని పళ్ళెం తీసుకునే లొల్లి ఉండది, రోజూ బొమ్మ కింద పేరు చూసి చూసి ఆగస్టుకల్ల బొమ్మ తీసేసినా పేరు గుర్తుపడుతది. వాళ్ళు చదివే మొదటి మాట వాళ్ళ పేరే అయితది, మీరు ప్రత్యేకంగ చెప్పిందేం ఉండది.

మొదటి రోజులు, ఏడుపులు, ఒకటికి రెంటికి

ఏడుస్తరు. ఒకరు మొదలుపెడితె ఎనకనే నలుగురు అందుకుంటరు. ఆ టైంల మనం చేసే పెద్ద తప్పుడు పని ఏందంటె అమ్మను మెల్లగ పక్కకెల్లి పంపిచ్చుడు, పిల్ల ఇటు తిరిగెవరకు అమ్మ మాయం, తెల్లారి నుంచి ఆ పిల్ల అమ్మ కొంగు ఇడువనే ఇడువది, కండ్లు కూడ ఆమె మీది నుంచి తియ్యది. దానికంటె అమ్మను గాని అవ్వను గాని ఇంటర్వెల్ దాక క్లాసులనే కూసోమనుండ్రి, తెల్లారి వరండాల, ఆ తెల్లారి గేటు కాడ, పోయేటప్పుడు పిల్ల మొఖం చూసి చెప్పి పోవాలె, బువ్వ తిన్నంక వస్త అని, చెప్పిన టైంకు రావాలె కూడ. కూలికి పోయే తల్లికి ఇది కష్టమే, నాటుకో కలుపుకో పోకుంటె ఆ రోజు కూలి పోయినట్టే, అసుంటి కాడ మూడో తరగతి అక్క ఉంటె పక్కన కూసోపెట్టుండ్రి, లేకుంటె తాతను పిలువుండ్రి, తాతలకు బడి అరుగు మీద కూసునుడు ఇష్టమే.

చాక్లెట్లు ఇచ్చి ఆపుతం అనుకోకుండ్రి, నాలుగు రోజులకు చాక్లెట్ కోసమే ఏడుపు మొదలైతది. ఏడ్చే పిల్లకు పని చెప్పుడు బాగ పనిచేస్తది, చెట్టుకు మగ్గుతోని నీళ్ళు పొయ్యిమనుడు, చాక్‌పీసు డబ్బా పట్టుకోమనుడు, గంట కొట్టనిచ్చుడు. గంట కొట్టిన పోరడు తెల్లారి ఏడ్వడు, ముందుగాలే వచ్చి గేటు కాడ నిలబడుతడు, వేరేటోళ్ళు కొట్టకముందే.

మొదటి రోజు పాఠం బడి చూపిచ్చుడే. నల్లా ఏడుంది, వంట ఏడ చేస్తరు, పెద్ద సారు ఏడ కూసుంటడు, బాత్రూం ఏడుంది. వంటమ్మను పిలిచి పిల్లల పేర్లు చెప్పించుండ్రి, ఐదేండ్ల పిల్లకు బడిల అమ్మ లెక్క కనబడేది మనకంటె ముందు ఆమెనే.

బాత్రూం గురించి ట్రైనింగుల ఎవరు చెప్పరు గాని ఒకటో తరగతిల సగం బాధలు ఆడినుంచే వస్తయి. చిటికెన వేలు చూపిస్తె ఒకటికి, రెండు వేళ్ళు చూపిస్తె రెంటికి, ఈ గుర్తులు మొదటి గంటలనే ఆట లెక్క నేర్పియ్యాలె. కొందరు పిల్లలు ఇంటికాడ ఆరుబయటికే పోతరు, బడిల చీకటి బాత్రూం, లోపల గడియ చూస్తె భయం, అడుగుడు మానేసి ఆపుకుంటరు, అటెన్క లాగుల పోసుకుంటరు. జోడు జోడు పిల్లలను తీస్కపోయి చూపియ్యుండ్రి, తలుపు దగ్గరకేసి ఒకరు బయట నిలబడాలె. లాగు గుండీ, చుడీదార్ బొందె ఇప్పుకునుడు రానోళ్ళుంటరు, ఎలాస్టిక్ లాగులు పంపియ్యమని ఇంట్ల చెప్పుండ్రి. ఒక సంచిల రెండు మూడు పాత లాగులు, గౌన్లు, ఒక సబ్బు, ఒక తువ్వాల పెట్టుకోండ్రి బీరువాల. తడుపుకున్న పిల్లను ఎవ్వరు నవ్వొద్దు, పెద్ద క్లాసులోళ్ళు అసలే, ఒక్కసారి నవ్విండ్రంటె ఆ పిల్లకు బడి అంటె అదే గుర్తుంటది.

మధ్యాహ్నం పెద్ద పోరలతోని కలిపి లైన్ల నిలబెట్టకుండ్రి, తోసేస్తరు. జర ముందుగాల చేతులు కడిపిచ్చి కూసోపెట్టాలె. గుడ్డు పొట్టు తీసుడు రాదు చాన మందికి, ఫస్టు గుడ్డు రోజు మీరు పక్కన కూసొని తీసి చూపియ్యుండ్రి, అది కూడ వేళ్ళకు మంచి పనే. పొద్దుగాల ఏం తినకుండ వచ్చే పిల్లలు ఎవరో ఇంకో రెండు రోజులల్ల మీకే తెలుస్తది, పదకొండు గంటలకు తల ఒరిగిస్తరు, అది సోమరితనం కాదు.

ఇంకోటి, గొంతు. ఉషారుల మనం అరుస్తం, వారం తిరిగెవరకు గొంతు పోతది, శుక్రవారం నాడు బొంగురు గొంతుతోని మాట్లాడుతం. ఒక చప్పట్ల వరుస పెట్టుకోండ్రి, మీరు కొడితె వాళ్ళు తిరిగి కొట్టాలె, ఆటోమేటిక్‌గ చుప్ అయితరు. చెవిల చెప్పినట్టు మెల్లగ మాట్లాడినా కూడ దగ్గరికొచ్చి ఇంటరు.

వాళ్ళింట్ల మాట్లాడే మాట

దేవరకొండ, అచ్చంపేట దిక్కు తండ బడి అయితె పిల్లలు ఇంట్ల లంబాడి మాట్లాడుతరు. మక్తల్, కృష్ణ దిక్కు పోతె కన్నడ కలుస్తది. మన్ననూరు పైన నల్లమలల చెంచు పిల్లల మాట తీరే వేరు. మనం పోయి పుస్తకం తెలుగుల "నీవు ఏమి చేయుచున్నావు" అంటె వాడు మన నోరు చూస్తడు. లంబాడి పిల్లలున్నకాడ నీళ్ళు, ఆకలి, కడుపునొప్పి, భయం, ఇంటికి పోత, ఈ ఐదు మాటలు వాళ్ళ భాషల ఏమంటరో మొదటి రోజు కంటె ముందే నేర్చుకోండ్రి, నాలుగో తరగతి పోరిని అడిగితె నవ్వుకుంట నేర్పిస్తది. పిల్లల ముందల తప్పు పలికినా మంచిదే, వాళ్ళు సరిచేస్తరు, టీచర్‌కు నేర్పిన పిల్ల ఇగ నోరు మూసుకొని ఎందుకు కూసుంటది.

తెలుగు ఇండ్ల పిల్లలతోని కూడ ఇదే సంగతి. "మా నాయిన పట్నం పోయిండు" అంటె "వెళ్ళాడు అనాలి" అని సరిచెయ్యకుండ్రి, వాడు పూర్తి ముచ్చట చెప్పనీయుండ్రి. పుస్తకం భాష రెండో తరగతిల మూడో తరగతిల దానంతట అదే వస్తది. 2022-23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీష్ మీడియం వచ్చింది, పుస్తకాలల్ల ఒక దిక్కు ఇంగ్లీషు ఒక దిక్కు తెలుగు ఉంటది, కొందరు టీచర్లు అదేదో రూలన్నట్టు మొదటి రోజే "సిట్ డౌన్, స్టాండప్, కీప్ సైలెన్స్" తోనే నడిపిస్తరు. ఇంగ్లీషు ఆటలల్ల పెట్టుండ్రి, కమ్, గో, జంప్, టచ్ యువర్ నోస్, ఇవి పిల్లలకు పండుగనే. కాని ఏడ్చే పిల్లను ఇంటి మాటల్లనే ఊకుంచాలె.

అక్షరాలు ఎప్పుడు, లెక్కలు ఎట్ల

ఒకటి రెండు వారాలు పెన్సిల్ ఇయ్యకున్నా ఏం కాదు. వేళ్ళకు బలం రావాలె ముందు. రేగడి మట్టి పిసికి బండ్లు, ఎడ్లు చేసుడు, పాత పేపర్ చింపి అంటించుడు, బండ మీద చాక్‌పీసుతోని పెద్ద పెద్ద గీతలు, ఇసుకల వేలుతోని సున్నాలు. పలక ఇచ్చినంక కూడ ఏది గీస్తె అది గీయనిచ్చి "ఇదేంది, చెప్పు" అని అడుగుండ్రి, ఆ చెప్పుడే భాష. ఎడమ చేత్తోని రాసే పిల్లను కుడికి మార్చకుండ్రి, ఇంట్ల మార్చమని చెప్పినా సరే.

అక్షరాలు మొదలుపెట్టినప్పుడు అ నుంచి ఱ దాక వరుస పట్టి పోయే పాత పద్ధతి కంటె, పిల్లలకు తెల్సిన మాటల నుంచి తీసుడు మేలు. మేక, బండి, గంప, ఈత, వాన, ఇవి వాళ్ళ నోట్ల రోజూ ఉన్నయే. ఆకారం కలిసేవి దగ్గర దగ్గర చెప్పాలె, గ ర ఒక జోడు, ప వ మ య ఒక గుంపు, న స ఒక జోడు. ఒత్తులు, ఋ లు, ఙ ఞ లు మొదటి నెలల ఎవనికి అక్కెర లేదు. 2022ల వచ్చిన సర్కారు కార్యక్రమం తొలిమెట్టు కూడ చెప్పేది ఒకటి నుంచి ఐదు దాక పిల్లలకు చదువుడు రాసుడు లెక్కలు పునాది పడాలనే, కాబట్టి పై నుంచి ఫార్మాట్లు వచ్చినా కంగారు పడకుండ్రి, మీరు చేసే మట్టి పని కూడ ఆ పునాదిలకే వస్తది.

లెక్కలకు గింజలు మంచివి, కాని ఏ గింజలో జర చూసుకోవాలె, ఇది సీరియస్‌గ చెప్తున్న. మన దిక్కు చేన్లల్ల ఆముదాలు మస్తు, నున్నగ మచ్చలు మచ్చలు ఉండి పిల్లలకు ముద్దుగ అనిపిస్తయి, పిల్లలే జేబుల ఏసుకొని తెస్తరు, కాని పచ్చి ఆముదం గింజ నమిలితె విషం. గురివింద గింజ కూడ అంతే, ఎర్రగ నల్లగ ఎంత ముద్దుగున్నా క్లాసులకు రానీయొద్దు. సీతాఫలాల కాలంల, బాలానగర్ సీతాఫలం అంటె మన పాలమూరుకే పేరు కదా, పిల్లలు గింజలు గుప్పెట్ల పట్టుకొస్తరు, వాటి పొడి కంట్ల పడితె కన్ను మంటెత్తి ఖరాబైతది, పేండ్లకు ఆ పొడి నూరి తలకు పెట్టే అవ్వలకు కూడ ఈ మాట చెప్పుండ్రి. చింతగింజలు పరవాలేదు గాని ఐదేండ్లోళ్ళు ముక్కుల పెట్టుకుంటరు, చెవుల పెట్టుకుంటరు, మీరు పక్కన ఉన్నప్పుడే ఇయ్యాలె. నేనైతె పెద్ద సీసా మూతలు, చాయ్ కప్పుల అట్టలు, కంకర్రాళ్ళల్ల నున్నటివి వాడుత. ఒకటి నుంచి తొమ్మిది దాక చేతిల పట్టుకొని లెక్కపెట్టుడు వచ్చినంకనే అంకె రాపియ్యాలె, వంద దాక ఒంట్లు పాట లెక్క అప్పజెప్పే పిల్లను "నాలుగు మూతలు తే" అంటె గుప్పెడు తెస్తది, చూడుండ్రి కావాల్నంటె. జీవాల దగ్గర పెరిగిన పోరడు మాత్రం మందల ఒక్క మేకపిల్ల తక్కువైతె చూసి చెప్తడు, వానికి లెక్కలు రావనుకుంటె మనమే పొరపాటు పడ్డట్టు.

బలపం కొరికి తినే పిల్లలు ప్రతి క్లాసుల ఉంటరు, మట్టి తినేటోళ్ళు కూడ. కొట్టినా తిట్టినా ఆగది అది, ఒంట్ల రక్తం తక్కువుంటె అట్ల తినబుద్ధైతది చాన మందికి. ఆశమ్మకో ఏఎన్ఎంకో చెప్పుండ్రి, ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు పథకం) డాక్టర్ల బండి వచ్చినరోజు ఆ పిల్లను ముందల నిలబెట్టుండ్రి, నులిపురుగుల గోలి ఇచ్చే రోజు ఎవరూ ఎగ్గొట్టకుండ, మింగకుండ నమిలి తినేటట్టు చూడుండ్రి.

అమ్మానాయినలతోని

ఊర్లకు ప్రైవేటు బడి వ్యాన్ పొద్దుగాల హారన్ కొట్టుకుంట వస్తది, టై కట్టుకొని పోయే పక్కింటి పిల్లను చూసి మనోళ్ళ అమ్మలు వారం దాటకముందే అడుగుతరు, "మేడం, ఏబీసీడీ ఇంక చెప్తలేరా" అని. కోపం చేసుకోకుండ్రి. ఎన్‌సీఈఆర్‌టీ ఏమన్నది, పాలసీ ఏమన్నది అని లెక్చర్ ఇచ్చినా ఇనరు. మొదటి శనివారమే పిల్లకు ఒక చిన్న పాట, ఒక బొమ్మ ఇచ్చి పంపుండ్రి, ఇంట్ల పాడి చూపియ్యమని, ఆ బొమ్మ గోడకు అంటించిన ఇంట్ల నుంచి మల్ల ప్రశ్న రాదు, వచ్చినా మెల్లగ వస్తది.

ఇంకో మాట తప్పకుండ ఇంటరు, "సారూ, కండ్లు ఒక్కటి ఇడిచిపెట్టి ఏడైన కొట్టుండ్రి" అని. ప్రేమతోనే అంటరు పాపం. నవ్వి, కొట్టకుండ కూడ చదువొస్తది పెద్దమ్మా అనుండ్రి, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం కొట్టుడు, మనసు నొచ్చేటట్టు తిట్టుడు రెండూ బంద్, కట్టె అసలు క్లాసుల ఉండనే ఉండొద్దు, చార్ట్ చూపిచ్చెటందుకు అని కూడ.

ఏడుస్తున్న పిల్లల వీడియో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకునేటోళ్ళు ఉన్నరు, "మై న్యూ బ్యాచ్, సో క్యూట్" అని. నాకు అస్సలు నచ్చది. ఆ పిల్ల తల్లి కూడ అదే స్టేటస్ చూస్తది పత్తిచేన్ల నిలబడి.

ఎవరు ఎప్పుడు మాయమైతరో జూన్‌లనే తెలుసుకోవాలె

ఇది మన దిక్కుకే ఉన్న బాధ, ట్రైనింగ్ మాడ్యూల్‌ల దొరకది. గద్వాల దిక్కు సీడ్ పత్తి ఉన్న ఊర్లల్ల ఆగస్టు, సెప్టెంబర్‌ల పూలు క్రాసింగ్ చేసే పని నడుస్తది, పెద్ద పోరలు ఆ పనికి పోతరు, చిన్నోళ్ళను చంటిపిల్లలను చూసెటందుకు ఇంటికాడ ఉంచుతరు, మన ఒకటో తరగతి పిల్ల ఆబ్సెంట్‌కు కారణం ఆడ ఉంటది. దసర, దీపావళి పోయినంక వలస, గుంపు మేస్త్రి అడ్వాన్స్ ఇచ్చిండంటె ఇల్లు ఇల్లే కదులుతది, హైదరాబాద్ బిల్డింగ్ పనులకో, పూణెకో, ముంబైకో. ఏ ఇంటోళ్ళు పోతరు, పిల్లను తీస్కపోతరా అవ్వకాడ ఇడిచి పోతరా, ఇది అక్టోబర్‌ల అడిగితె లాభం లేదు, అప్పటికే మూటలు కట్టి ఉంటరు. బడిబాటలనే అడిగి రాసుకోండ్రి. అవ్వ ఉంటె అవ్వతోని దోస్తీ చెయ్యుండ్రి, ఎవరూ లేకుంటె ఆ మండలంల సీజనల్ హాస్టల్ ఏమన్న నడుపుతున్నరా అని ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుల ముందే కనుక్కోండ్రి, అయినా ఒకటో తరగతి పిల్లను హాస్టల్ల ఏసుడు ఆఖరి మాట అయి ఉండాలె. జాతరలకు పోయే మూడు నాలుగు రోజులు మాత్రం లెక్క చేయకుండ్రి, కురుమూర్తి జాతర అయినా చెర్వుగట్టు అయినా, వచ్చినంక ఏం చూసినవో చెప్పమంటె రెండు రోజుల పాఠం దానితోనే అయిపోతది.

ఇవన్నీ రాసెటందుకు ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ పెట్టుకోండ్రి, ఒక్కొక్క పిల్లకు నాలుగైదు పేజీలు. సాయంత్రం బస్సుల కూసొని ఇవ్వాళ ఎవరు ఏం చేసిండ్రో ఒక్కొక్క లైను, "బుజ్జి ఇవ్వాళ నల్లా బంద్ చేసింది", "చిన్నోడు పాటకు నోరు కదిపిండు, గొంతు రాలే". శనివారం నాడు పేజీలు తిప్పుండ్రి. ఎవరి పేజీల ఆ వారం ఏం లేదో, ఆ పిల్ల మీకు కనబడలేదన్నట్టు. అల్లరోళ్ళ పేజీలు ఎప్పుడు నిండే ఉంటయి, మూలకు కూసునే పిల్లదే ఖాళీ. సోమవారం పొద్దుగాల మొదలు ఆ పిల్ల పక్కకే పోయి కూసోవాలె. ఫేస్ అటెండెన్స్, యూడైస్ (బడి వివరాలు ఆన్‌లైన్‌ల ఎక్కిచ్చుడు), గ్రూపుల ఫోటోలు, ఎన్ని ఉన్నా పిల్లలు ఇంటికి పోయినంక చూసుకోవచ్చు, ఒకటో తరగతి పిల్లల ముందల ఫోన్ పట్టుకుంటె మన పని ఖతం, వాళ్ళంతా ఫోన్ చుట్టే మూగుతరు.

ఒక్క టీచరే ఐదు తరగతులు చూసే తండ బడి అయితె ఇదంత ఎట్ల అంటరు, నిజమే, కష్టం. ఒకటి, రెండు తరగతులను కలిపి మీ కుర్చీకి దగ్గర కూసోపెట్టుకోండ్రి, పెద్దోళ్ళకు రాసే పని ఇచ్చి పొద్దుటి గంట మాత్రం చిన్నోళ్ళకే ఉంచుండ్రి. ఐదో తరగతి పోరి కథ చెప్తది, సాయం చేస్తది, కాని ఆమెను రోజంత ఆయాను చెయ్యకుండ్రి, ఆమె చదువు ఆమెకున్నది.

నడిమిట్ల చేరెటోళ్ళు

అందరికి జూన్‌ల దొరకది. 2024 డీఎస్సీల (టీచర్ల భర్తీ పరీక్ష) ఎంపికైనోళ్ళకు అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంల నియామక పత్రాలు ఇచ్చిండ్రు, దసర సెలవులు అయినంక బడులల్ల చేరిండ్రు, అప్పటికే పిల్లలు వేరే టీచర్‌కు అలవాటైపోయి ఉన్నరు. అసుంటప్పుడు కొత్త ఉషారుల కూసునే జాగలు, పాటలు, గుర్తులు అన్నీ మార్చెయ్యకుండ్రి. పాత టీచర్ నంబర్ తీసుకొని ఎవరికి ఏ ముద్దుపేరు, ఎవరు దేనికి ఏడుస్తరు, ఒకటికి ఏ వేలు చూపిస్తరు అని అడుగుండ్రి. మొదటి వారం పిల్లలనే మీకు బడి చూపియ్యమనుండ్రి, వాళ్ళు ముందల, మీరు ఎనక, నల్లా ఏడ, వంట ఏడ అని చెప్పుకుంట తీస్కపోతరు, ఎవరు ముందల ఉరుకుతరో ఎవరు ఎనకకు ఆగుతరో ఆ ఒక్క తిరుగుడుల తెలిసిపోతది, ఆగినోళ్ళ పేర్లు నోట్‌బుక్‌ల మొదటి పేజీలనే రాసుకోండ్రి.